హ్మాంగ్ భాష గురించి: పలకని చివరి అక్షరం దగ్గర మొదలుపెట్టి

మీ ప్రశ్నలో నాలుగు విషయాలున్నాయి. మీరు అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో ఉన్న సెయింట్ పాల్‌కి కొత్తగా వచ్చారు, పక్కింట్లో హ్మాంగ్ కుటుంబం ఉంది. వాళ్లు మాట్లాడేది చైనా భాషలో ఒక యాసేనా? వాళ్ల కరపత్రాల మీద స్పెల్లింగులు చదవడానికి వీల్లేకుండా ఎందుకుంటాయి? సొంత లిపి ఉందా? ఆ ఇంట్లో పెద్దాయన పోయారు, అంత్యక్రియలు నాలుగు రోజులన్నారు, వెళ్తే ఎలా మసలుకోవాలి? నేను భాషాశాస్త్రం చదువుకుని, ఆ ఊళ్లోనే చాలాకాలం హ్మాంగ్ పిల్లలకి పాఠాలు చెప్పాను. వాళ్ల తాతలు, అవ్వలతో వాళ్ల భాషలోనే మాట్లాడతాను. మీరు అడిగిన నాలుగూ ఒకే చోట కలుస్తాయి. ఆ చోటు టోన్, అంటే మాట పలికేటప్పుడు గొంతు ఏ ఎత్తులో ఉంది, ఎటు కదిలింది అన్నది. టోన్ అర్థమైతే వాళ్ల స్పెల్లింగు అర్థమవుతుంది. చావు ఇంట్లో వాళ్ల వెదురు వాద్యం గంటల తరబడి ఎందుకు మోగుతుందో కూడా అర్థమవుతుంది.

ముందు మొదటిదానికి జవాబు. కాదు, అది చైనా భాషకి యాస కాదు. హ్మాంగ్-మియెన్ అనే వేరే భాషాకుటుంబానికి చెందింది. వందల ఏళ్లు చైనీయుల పక్కనే బతకడం వల్ల చైనా మాటలు బోలెడు చేరాయి. అంతమాత్రాన చుట్టరికం కాదు. తెలుగులో సంస్కృత పదాలు ఎన్ని ఉన్నా తెలుగు ద్రావిడ భాషే కదా. గుయిజౌ, యునాన్, సిచువాన్, గ్వాంగ్షీ ప్రాంతాల కొండల్లో ఉండేవాళ్లని చైనా ప్రభుత్వం 'మియావ్' అనే ఒకే జాతిగా లెక్కేస్తుంది. 2020 జనాభా లెక్కల్లో ఆ జాతి సుమారు 1.1 కోట్లు. అయితే అందులో ఒకరి మాట ఒకరికి తెలియని భాషలు చాలా ఉన్నాయి, హ్మాంగ్ వాటిలో ఒకటి. వియత్నాంలో 2019 లెక్కల ప్రకారం హ్మాంగ్ వాళ్లు దాదాపు 13.9 లక్షలు. లావోస్‌లో 2015 నాటికి సుమారు 6 లక్షలు. ఉత్తర థాయ్‌లాండ్‌లోనూ ఉన్నారు. అమెరికాలో 2020 నాటికి మూడున్నర లక్షలు దాటారు, అందులో ఎక్కువమంది కాలిఫోర్నియా, మినెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాల్లోనే. దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానాలో కాకావ్ అనే ఊరిని 1977లో హ్మాంగ్ శరణార్థులే నిలబెట్టారు. ఆ ప్రాంతం తినే కూరగాయల్లో పెద్ద వాటా ఇప్పటికీ వాళ్లు పండించేదే. ఎక్కడా వాళ్లకి సొంత దేశం లేదు. వాళ్ల భాషని అధికార భాషగా పెట్టుకున్న ప్రభుత్వమూ లేదు. ఒక జాగ్రత్త: ఆగ్నేయాసియాలో పాతకాలం వాళ్లు 'మెయో' అని పిలిచేవారు. ఆ మాటని వాళ్లు తిట్టుగా తీసుకుంటారు, మీరు వాడకండి.

ఇక టోన్ సంగతి. తెలుగులో 'వచ్చావా' అన్న మాటని ప్రేమగా అన్నా, కోపంగా అన్నా అర్థం 'వచ్చావా' అనే. గొంతు మారితే భావం మారుతుంది కానీ మాట మారదు. హ్మాంగ్‌లో గొంతు మారితే మాటే వేరైపోతుంది. 'పో' అనే ఒక్క శబ్దం తీసుకోండి. గొంతు ఎత్తుగా, నిలకడగా పెట్టి పలికితే బంతి లేదా ముద్ద. ఎత్తు నుంచి కిందికి జారిస్తే ఆడ మనిషి. మధ్య నుంచి పైకి లేపితే విసరడం. మధ్యలో నిలిపితే ప్లీహం. కింద నిలిపితే ముల్లు. ఊపిరి కలిపి గాలిగా దించితే నాన్నమ్మ. అట్టడుగున గొంతు బిగించి టక్కున ఆపేస్తే చూడటం. ఇవి ఏడు. ఎనిమిదోది కింద నుంచి పైకి లేచేది. అది కొన్ని చోట్ల మాత్రమే, గొంతు బిగించే ఏడోదానికి బదులుగా వస్తుంది. ఈ ఎనిమిదింటిలో తెలుగువాళ్లని బాగా ఏడిపించేవి ఆ గాలి టోను, ఆ బిగింపు టోను. మిగతావి ఎత్తుపల్లాలు కాబట్టి కాస్త సంగీతం చెవి ఉంటే పట్టుకోవచ్చు. ఈ రెండింటిలో మారేది ఎత్తు ఒక్కటే కాదు, గొంతు తీరే మారుతుంది.

స్పెల్లింగు రహస్యం ఇక్కడే ఉంది. 1951-53 మధ్య లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్ ప్రాంతంలో ముగ్గురు మిషనరీలు హ్మాంగ్ సలహాదారులతో కూర్చుని రోమన్ అక్షరాలతో ఒక రాత పద్ధతి తయారుచేశారు. ఆ ముగ్గురు అమెరికన్లైన విలియం స్మాలీ, లిన్‌వుడ్ బార్నీ, ఫ్రెంచి క్యాథలిక్ ఫాదర్ ఈవ్ బెర్‌ట్రే. మామూలు టైపు మిషను మీద కొట్టగలగాలి, అక్షరాల నెత్తిన గుర్తులు ఉండకూడదు. హ్మాంగ్‌లో మాట చివర హల్లులు రావు, వస్తే 'ంగ్' లాంటి ముక్కు ధ్వని ఒక్కటే. కాబట్టి మాట చివర జాగా ఖాళీగా ఉంది. ఆ ఖాళీలో టోన్‌ని తెలిపే అక్షరం పెట్టారు. చివర 'బి' ఉంటే ఎత్తైన టోను, 'జె' ఉంటే ఎత్తు నుంచి జారేది, 'వి' ఉంటే పైకి లేచేది, 'ఎస్' ఉంటే కింద నిలిచేది, 'జి' ఉంటే గాలి టోను, 'ఎమ్' ఉంటే బిగింపు టోను, 'డి' ఉంటే ఆ ఎనిమిదోది. ఏ అక్షరమూ లేకపోతే మధ్య టోను. వీటిని పలకకూడదు, గొంతుని అటు నడిపించాలి అంతే. ముక్కు ధ్వనికి అచ్చుని రెండుసార్లు రాస్తారు. అందుకే వాళ్ల జాతి పేరు వాళ్ల రాతలో హెచ్, ఎమ్, రెండు 'ఓ'లు, 'బి'. మీరు కరపత్రం మీద చూసిన ఎక్స్, వై, రెండు 'ఓ'లు, 'జె' అన్నది మీ పక్కింటివాళ్ల ఇంటిపేరే. ఇంగ్లీషు కాగితాల మీద షియోంగ్ అని రాసుకునేది అదే. ఈ పద్ధతిని ఒక వారం పట్టుదలగా చూస్తే బోర్డులు చదవడం వచ్చేస్తుంది.

తెలుగు తెలిసినవాళ్లకి ఇందులో ఒక గొప్ప వెసులుబాటు ఉంది. ఇంగ్లీషు పాఠాల్లో దీని గురించి ఉండదు. హ్మాంగ్‌లో ప, ఫ వేరు, త, థ వేరు, క, ఖ వేరు. ఇంగ్లీషువాళ్లు నెలలు కష్టపడే ఈ తేడా మనకి బడిలోనే వచ్చేసింది. వాళ్ల రాతలో 'ఆర్' కనిపిస్తే అది ర కాదు, ట. 'టి' కనిపిస్తే త. నాలుక పళ్లకి తగలాలా, మడత పడాలా అన్నది మనకి ఒకరు చెప్పక్కర్లేదు. 'టి', 'ఎక్స్' కలిస్తే చాప, చలి మాటల్లో వచ్చే దంత్య ౘ. 'టి', 'ఎస్' కలిస్తే చింత, చిలక మాటల్లో వచ్చే చ లాంటిది. నాకు తెలిసిన ఇంగ్లీషు విద్యార్థులు ఈ రెండూ విడదీయలేక టెన్షన్ పడేవాళ్లు. కష్టం వేరే చోట ఉంది. 'క్యూ' అనే అక్షరం క కంటే లోపల, కొండనాలుక దగ్గర పలకాలి. మ, న, ల ముందు గాలి వదిలి పలికే ధ్వనులున్నాయి, జాతి పేరులో మొదటిది అలాంటిదే. ముందు ముక్కుతో మొదలై, తర్వాత ప, త, క, ప్ల వంటివి కలిసే గుత్తులు ఇంకో కష్టం. అన్నీ లెక్కేస్తే మాట మొదట్లో రాగల హల్లులు యాభై దాకా తేలతాయి. చివర ఏమీ ఉండదు కాబట్టి బరువంతా మొదట్లోనూ టోన్‌లోనూ పడింది.

మీ పక్కింట్లో ఒకావిడ 'మాంగ్' అని, ఇంకొకాయన 'హ్మాంగ్' అని అన్నారని రాశారు. ఇద్దరూ సరిగ్గానే అన్నారు. అమెరికాలో ప్రధానంగా రెండు యాసలున్నాయి, తెల్ల హ్మాంగ్, ఆకుపచ్చ మాంగ్. ఆడవాళ్ల బట్టల తీరుని బట్టి వచ్చిన పేర్లని చెబుతారు. ఆకుపచ్చ యాసలో మ ముందు ఆ గాలి లేదు. తెల్ల యాసలో నీళ్లని 'దే' అంటే ఆకుపచ్చవాళ్లు 'ద్లే' అంటారు. ఎరుపు ఒకరికి 'లియా', ఇంకొకరికి 'లా'. ఒకరి మాట ఒకరికి తెలుస్తుంది. పుస్తకాల్లో ఎక్కువగా తెల్ల యాసే అచ్చవుతుంది, ఆకుపచ్చవాళ్లకి ఆ బాధ ఉంది, అది న్యాయమైన బాధే. ఎవరింట్లో ఏది మాట్లాడతారో అడిగి తెలుసుకోండి, సంతోషిస్తారు.

వ్యాకరణం దగ్గర మీకు భయం అక్కర్లేదు. క్రియ మారదు. వచ్చాను, వచ్చాడు, వస్తారు అన్న పురుష ప్రత్యయాలూ కాలాలూ క్రియకి అతుక్కోవు. అయిపోయింది, జరగబోతోంది అన్న సంగతి పక్కన చిన్న మాటలు చెబుతాయి. అసలు శ్రద్ధ పెట్టాల్సింది లెక్కపెట్టేటప్పుడు. మనం మనుషులకి ఇద్దరు, ముగ్గురు, మిగతావాటికి రెండు, మూడు అని విడదీస్తాం. వాళ్లు వస్తువు తీరుని బట్టి ఇంకా చాలా రకాలుగా విడదీస్తారు. ప్రాణులకీ పొడుగు వస్తువులకీ 'తూ', గుండ్రంగా లేదా దిమ్మలా ఉన్నవాటికి 'లూ', పలచగా పరిచినట్టుండేవాటికి 'దాయ్', చేతి పనిముట్లకి 'టా', పుస్తకాలకి 'ఫావ్'. ఇక్కడ కూడా టోన్ ఊరుకోదు. 'రెండు' అనే ఎత్తైన టోను మాట పక్కన 'తూ' వస్తే, దాని కింది టోను గాలి టోనుగా మారిపోతుంది. రాతలో 'ఎస్' పోయి 'జి' వస్తుంది. మన సంధుల్లాగే ఇది చెవికి అలవాటు కావాలి, సూత్రం బట్టీ పడితే సరిపోదు.

మనసు సంగతులన్నీ వాళ్లకి కాలేయంలో ఉంటాయి. కాలేయం బాగుంటే సంతోషం, తెగితే దుఃఖం, పొడుగైతే ఓర్పు. మనకి గలగల, పటపట, చకచక ఉన్నట్టే వాళ్లకి జంట శబ్ద పదాలు లెక్కలేనన్ని. వెదురు మంటల్లో పగిలే చప్పుడు 'ప్లీ ప్లో'. పెద్దవాళ్లు కథ చెబుతుంటే ఇవి వరసగా దొర్లుతాయి. తెలుగు చెవికి వెంటనే నచ్చే భాగం ఇదే.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్నదానికి వస్తాను. మాట అర్థం సగం టోన్‌లోనే ఉంటే, నోరు లేకుండా టోన్ ఒక్కటి వినిపించినా మాట అందుతుంది. హ్మాంగ్ వాళ్లు దీన్ని ఒక కళగా పెంచారు. 'న్జా' అని ఇత్తడి రేకుతో చేసిన చిన్న వాద్యం ఉంది, నోటి దగ్గర పెట్టుకుని వేలితో మీటుతారు. మన మోర్సింగ్ జాతిదే. వెనకటి రోజుల్లో ఊళ్లో రాత్రిపూట కుర్రాడు అమ్మాయి ఇంటి గోడ అవతల నిలబడి దానితో మెల్లగా 'మాట్లాడేవాడు'. లోపల అమ్మాయి న్జాతోనే జవాబిచ్చేది. చెట్టు ఆకుని పెదవుల మధ్య పెట్టి ఊది కూడా అలాగే మాట పంపేవారు.

వాటన్నిటికంటే పెద్దది 'కెంగ్'. చెక్కతో చేసిన బుర్రలోంచి ఆరు వెదురు గొట్టాలు వంగి బయటికి వస్తాయి, ఒక్కో గొట్టంలో లోహపు నాలిక ఉంటుంది. ఊపిరి వదిలినా మోగుతుంది, పీల్చినా మోగుతుంది, అందుకే నాదం ఆగదు. ఊదేవాడు వంగుతూ, తిరుగుతూ నాట్యం చేస్తాడు. పండగల్లో పోటీలకి ఊదేది వేరు. చావులో ఊదేది పాట కాదు, మాటలు. ప్రతి స్వరం ఒక మాట టోన్‌కి బదులుగా వస్తుంది. చనిపోయిన మనిషితో కెంగ్ మాట్లాడుతుంది. బతికున్నవాళ్లలో ఆ విద్య నేర్చుకున్నవాళ్లకే అందులో మాట పూర్తిగా తెలుస్తుంది, ఎందుకంటే ఆ భాష పాతది, మలుపులు తిరిగింది, గురువు దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకోవాల్సింది. సంగీతం అనుకుని ఫోనులో రికార్డు చేసుకునే అతిథులని చూసి నాకు బాధ కలుగుతుంది. అక్కడ జరిగేది ఒక మనిషికి చివరిసారిగా దారి చెప్పడం.

ఆ దారి ఎటు? చావులో ముందుగా 'ఖువా కే' అనే పాట పాడతారు, అంటే దారి చూపించడం. పోయిన మనిషి ఆత్మ తను బతికిన ఊళ్లన్నీ వెనక్కి నడుస్తూ, ఒక్కో చోటి దేవతలకీ కృతజ్ఞత చెప్పుకుంటూ, పుట్టిన ఇంటికి చేరాలి. పుట్టినప్పుడు బిడ్డతో పాటు బయటికొచ్చే మాయని ఇంట్లోనే పాతిపెడతారు. మగబిడ్డదైతే ఇంటి నడిమి స్తంభం దగ్గర, ఆడబిడ్డదైతే తల్లిదండ్రుల మంచం కింద. అది మనిషి తొలి బట్ట. ఆత్మ దాన్ని తొడుక్కుని పూర్వీకుల దగ్గరికి వెళ్తుంది. సెయింట్ పాల్‌లో పోయినవాళ్లకి పాడేటప్పుడు ఆ దారిలో ఇక్కడి వీధులు వస్తాయి, థాయ్ శరణార్థి శిబిరం వస్తుంది, మెకాంగ్ నది వస్తుంది, లావోస్ కొండ ఊళ్లు వస్తాయి. అందుకే పాడేవాడు ముందుగా కుటుంబాన్ని కూర్చోబెట్టి ఆ మనిషి ఎక్కడెక్కడ ఉన్నాడో అడుగుతాడు. ఆ జాతి గత యాభై ఏళ్ల చరిత్ర అంతా ఒక్కో చావులో ఇలా తిరిగి చెప్పబడుతుంది.

ఆ చరిత్ర క్లుప్తంగా చెబుతాను. చైనాలో చింగ్ రాజుల కాలంలో పన్నుల మీద, భూముల మీద తిరుగుబాట్లు జరిగాయి, అణచివేతలు జరిగాయి. పందొమ్మిదో శతాబ్దంలో చాలామంది దక్షిణానికి దిగి వియత్నాం, లావోస్ కొండలెక్కారు. అక్కడ ఫ్రెంచివాళ్లు పన్నులేశారు, 1918-21 మధ్య పా చాయ్ నాయకత్వంలో మళ్లీ తిరగబడ్డారు. 1961 నుంచి అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ లావోస్‌లో కమ్యూనిస్టుల మీద రహస్య యుద్ధానికి హ్మాంగ్ యువకులని చేర్చుకుంది. జనరల్ వాంగ్ పావ్ సేనాని, లాంగ్ టియెంగ్ లోయ స్థావరం. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు కూడా తుపాకీ పట్టారు. 1975 మేలో అమెరికా విమానాలు కొద్దిమందినే తీసుకుపోయాయి. మిగతావాళ్లు అడవుల్లో నడిచి మెకాంగ్ ఈది థాయ్‌లాండ్ చేరారు, దారిలో ఎంతోమంది పోయారు. బాన్ వినాయ్ శిబిరంలో ఏళ్లు గడిపి ఇక్కడికి వచ్చారు. చివరి పెద్ద గుంపు వాట్ థాం క్రబోక్ అనే థాయ్ బౌద్ధ ఆలయం దగ్గరి శిబిరం నుంచి 2004-05లో వచ్చింది. అమెరికా కోసం పోరాడిన ముసలివాళ్లు ఇంగ్లీషు పరీక్ష లేకుండా పౌరసత్వం తీసుకునే వీలు 2000లో చట్టంతో గాని రాలేదు. మీ పక్కింటి పెద్దాయన వయసు చూస్తే, ఆయన బతుకు ఈ దారినే నడిచి ఉండే అవకాశం ఎక్కువ.

లిపి గురించి. పాతకాలంలో తమకి పుస్తకం ఉండేదని, నది దాటేటప్పుడు పోయిందని ఒక కథ, గుర్రాలు తినేశాయని ఇంకో కథ. ఆ అక్షరాలే ఆడవాళ్ల కుట్టుపనిలో నక్షీలుగా మిగిలాయని కూడా అంటారు. ఇవి పురాణాలు. చరిత్రకి తెలిసిన సొంత లిపి 1959లో వచ్చింది. లావోస్-వియత్నాం సరిహద్దు కొండల్లో షాంగ్ లూ యాంగ్ అనే రైతుకి ఏ భాషలోనూ చదవడం రాయడం రాదు. దేవుడు తనకి అక్షరాలు చూపించాడని ఆయన చెప్పాడు. అలా పుట్టిన లిపి పేరు 'పహవ్'. ఆయన్ని శిష్యులు 'అక్షరాలకి తల్లి' అని పిలుచుకున్నారు. నాలుగు దశల్లో దాన్ని మెరుగుపరిచాడు. ఆయనకి జనంలో పేరు పెరగడం చూసి అటు కమ్యూనిస్టులకీ ఇటు వాంగ్ పావ్ సైన్యానికీ అనుమానం కలిగింది. 1971లో ఆయన్ని చంపేశారు.

భాషాశాస్త్రం తెలిసినవాళ్లకి ఆ లిపి ఒక అద్భుతం. తెలుగులో హల్లు ముఖ్యం, అచ్చు గుణింతంగా దానికి అతుకుతుంది. పహవ్‌లో అచ్చు, టోను కలిసిన ముక్కే ముఖ్యం, దాన్నే ముందు రాస్తారు, హల్లు తర్వాత వస్తుంది. చదివేటప్పుడు మాత్రం హల్లే ముందు. అంటే చదువు రాని ఆ మనిషి తన భాషలో బరువు ఎక్కడుందో సరిగ్గా పట్టుకున్నాడు. 2014లో కంప్యూటర్ల అక్షర ప్రమాణమైన యూనికోడ్‌లో ఈ లిపికి చోటు దొరికింది. న్యియాకెంగ్ పువాచువే అనే ఇంకో హ్మాంగ్ లిపికి 2019లో దొరికింది. రోజువారీ వాడకంలో మాత్రం రోమన్ రాతే ఎక్కువ. వియత్నాంలో 1961లో వియత్నామీ అక్షరాల తీరున వేరే రాత చేశారు. ఫలితంగా వియత్నాం పిల్ల రాసింది మినెసోటా పిల్లకి వెంటనే చదవడానికి రాదు.

కుటుంబం తీరు తెలుగువాళ్లకి త్వరగా తెలిసేదే. అమెరికాలో పద్దెనిమిది వంశాలని లెక్కపెడతారు, వాంగ్, యాంగ్, షియోంగ్, లీ, మువా, థావ్, హర్ వంటివి. ఒకే వంశంలో పెళ్లి పూర్తిగా నిషేధం, చుట్టరికం ఎంత దూరమైనా సరే. మేనత్త పిల్లలతో, మేనమామ పిల్లలతో వంశం వేరు కాబట్టి సంప్రదాయం ఒప్పుకుంటుంది. నాన్నమ్మకి ఒక మాట, అమ్మమ్మకి ఒక మాట. మేనమామకి పెద్ద గౌరవం. మనకి లేని ఒక సంగతి: అన్నదమ్ముని చెల్లెలో అక్కో పిలిచే మాట వేరు, తోటి మగవాడు పిలిచే మాట వేరు. పెళ్లయ్యాక ఆడది తన వంశం పేరు ఉంచుకుంటుంది, కానీ పూజల్లో భర్త ఇంటి మనిషవుతుంది. పెళ్లయి పిల్లలు పుట్టాక మగవాడికి అత్తమామలు 'పెద్దపేరు' పెడతారు, అసలు పేరు ముందు ఒక మాట చేరుస్తారు. కాబట్టి ఒకే మనిషికి రెండు పేర్లు విని కంగారు పడకండి.

పెళ్లిలో రెండు పక్షాల తరఫునా బేరం మాట్లాడే పెద్దలుంటారు, ఓలి ఇవ్వాలి. ఆ ఓలిని తల్లి పాలకీ పెంపకానికీ కట్టే వెల అంటారు. అది ఆడపిల్ల గౌరవమని పెద్దవాళ్ల మాట, ఆడపిల్లని కొనడమని చదువుకున్న చాలామంది అమ్మాయిల మాట. నేను ఆ అమ్మాయిల వైపే. కాపురం బాగాలేక తిరిగి రావాలనుకున్నప్పుడు ఆ డబ్బు అడ్డుపడటం చూశాను.

కొత్త సంవత్సరం పంట నూర్పులయ్యాక వస్తుంది. యువతీ యువకులు రెండు వరసల్లో ఎదురెదురు నిలబడి బంతి విసురుకుంటారు. దాని పేరు 'పో పో', పైన చెప్పిన టోన్లలో మొదటి 'పో' విసరడం, రెండోది బంతి. బంతి జారవిడిస్తే ఏదో ఒకటి ఇవ్వాలి, తిరిగి కావాలంటే పాట పాడాలి. ఆ పాటలు 'కూ త్సియా'. అందులో రాగం విడిగా ఉండదు, మాటల టోన్లే రాగాన్ని నడిపిస్తాయి. ఒక చరణం పాడి, అదే కూర్పులో ప్రాస మాటలు మార్చి రెండో చరణం పాడతారు. అమెరికా పిల్లలు బంతి విసురుతున్నారు కానీ పాట పాడగలిగేవాళ్లు తగ్గిపోతున్నారు. నాకు అన్నిటికంటే దిగులు కలిగించేది ఇది. భాష ఇంట్లో కొంత మిగిలినా, పాటకి కావలసిన లోతు పోతోంది.

ఒంట్లో బాగాలేకపోతే ఆత్మ ఒకటి ఒంటిని వదిలిపోయిందని పాతవాళ్ల నమ్మకం. భయం, జారిపడటం, దుఃఖం దానికి కారణాలు. గుమ్మం దగ్గర కోడి, గుడ్డు, బియ్యం, అగరొత్తులతో ఆత్మని పిలుస్తారు, అది 'హూ ప్లీ'. చేతికి తెల్ల దారాలు కడతారు. పెద్ద జబ్బైతే 'త్సీ నేంగ్' అనే పూజారి ముఖానికి గుడ్డ కప్పుకుని, బల్లనే గుర్రంగా ఎక్కి, గంటలూ గజ్జెలూ మోగిస్తూ పైలోకాలకి వెళ్లి వెతుకుతాడు. పశువుని బలిస్తారు, దాని ఆత్మ మనిషి ఆత్మకి బదులు. కాలిఫోర్నియాలోని మెర్సెడ్‌లో ఒక ఆసుపత్రి 2009 నాటికే ఈ పూజారులని రోగుల దగ్గరికి రానిచ్చింది, నా దృష్టిలో మిగతా ఆసుపత్రులూ చేయాల్సిన పని. క్రైస్తవం తీసుకున్న కుటుంబాలు ఇవి చేయవు. ఒకే ఇంట్లో అన్న చర్చికి, తమ్ముడు త్సీ నేంగ్ దగ్గరికి వెళ్లడం మామూలే, తండ్రి పోయినప్పుడు ఏ పద్ధతి అన్న గొడవ కూడా మామూలే.

మీ నాలుగో ప్రశ్న. పాత పద్ధతి చేసే ఇల్లయితే అంత్యక్రియలు తరచుగా శుక్రవారం మొదలై సోమవారం ఖననంతో ముగుస్తాయి, రాత్రీ పగలూ జనం ఉంటారు. మీరు శనివారం పగలు వెళ్లండి, గంటో రెండు గంటలో ఉంటే చాలు. కవరులో కొంత డబ్బు పెట్టి తీసుకెళ్లండి, అక్కడ బల్ల దగ్గర రాసుకునేవాళ్లకి పేరు చెప్పి ఇవ్వండి. ఇది మన చదివింపుల పద్ధతే, రేపు మీ ఇంట్లో అవసరమైతే వాళ్లు తిరిగి వస్తారు. కెంగ్ ఊదేవాడికీ డప్పుకీ మధ్య నుంచి నడవకండి, ఫొటోలు అడగకుండా తీయకండి. శవం మీద బట్టల్లో లోహం ఉండకూడదని నియమం, కాబట్టి దగ్గరగా వెళ్లి ఏదీ పెట్టొద్దు. కొడుకులు అతిథుల ముందు మోకాళ్ల మీద వంగి దణ్ణం పెడతారు, కంగారుపడి లేపబోకండి, అది కృతజ్ఞత. భోజనం పెడతారు, వద్దనకండి. మీరు శాకాహారులైతే ముందే ఆ ఇంటివాళ్లకి చెప్పండి. అన్నం తప్పకుండా ఉంటుంది. మిరపకాయ పచ్చడి ఉంటే ముందు కొంచెమే వేసుకోండి, గుంటూరు కారానికి తీసిపోదు. ఎవరైనా పసిబిడ్డని చూపిస్తే ఎంత ముద్దుగా ఉన్నాడో అనకండి, దుష్టశక్తులు వింటాయని పెద్దవాళ్ల భయం. బిడ్డ చేతికున్న దారాలు ముట్టుకోకండి.

భాష నేర్చుకోవాలనుకుంటే రాతతో మొదలుపెట్టకండి, చెవితో మొదలుపెట్టండి. నేను పైన రాసిన ఏడు 'పో'లనీ పక్కింటి అవ్వ చేత పలికించి ఫోనులో రికార్డు చేసుకోండి, ఆవిడ నవ్వుతారు, పలుకుతారు. రోజూ వాటినే వింటూ ఏది ఏదో చెప్పగలిగాక రోమన్ రాత తెరవండి. సెయింట్ పాల్‌లో హ్మాంగ్ కల్చరల్ సెంటర్ ఉంది, మినెసోటా విశ్వవిద్యాలయంలో హ్మాంగ్ తరగతులున్నాయి. హ్మాంగ్‌టౌన్ మార్కెట్‌కి వెళ్లి కూరగాయల దుకాణాల్లో పెద్దవాళ్లతో మాట్లాడితే తరగతి కంటే త్వరగా వస్తుంది. గూగుల్ అనువాదంలో హ్మాంగ్ ఉంది కానీ పెద్దవాళ్లతో మర్యాదగా మాట్లాడటానికి దాన్ని నమ్ముకోవద్దు. గుమ్మంలోకి వచ్చినవాళ్లని వాళ్లు 'కో తువా లో' అని పలకరిస్తారు, అంటే 'వచ్చావా' అనే. రేపు మీరు వెళ్లినప్పుడు వినిపించే మొదటి మాట అదే అవుతుంది. 'తువా', వచ్చాను, అనండి. రాతలో దాని చివర 'జె' ఉంటుంది, గొంతు ఎత్తు నుంచి కిందికి జారాలి.